సేనాపతికి వన్స్ మోర్

హెబ్రోను ఎడమ చెయ్యి వంకరగా ఎందుకుందని నన్ను అడగని మనిషి లేడు. ఒకడు కాలవలో పడవకీ గట్టుకీ మధ్య నలిగిందంటాడు. ఇంకొకడు పోలీసోళ్ళు విరగ్గొట్టినారంటాడు. మైపాడులో టీ అంగడి పెట్టుకున్న ఒక మహానుభావుడయితే, తాగి సైకిలు మీద నుంచి పడ్డాడని నా మొహం మీదే చెప్పినాడు. నీ నోట్లో మన్ను పడ అని తిట్టి, టీ సగంలో వదిలేసి లేచొచ్చినాను. హెబ్రోను జన్మలో సారా ముట్టినవాడు కాదు. ఆ చెయ్యి విరిగింది స్టేజీ మీద, ఊరంతా చూస్తుండగా. నేను రాజకుమారి వేషం కట్టుకొని పక్కన్నే నిలబడి ఉన్నాను. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

నా పేరు వెంకటశేషమ్మ. మాది నెల్లూరు. ఆ రోజుల్లో పల్లెల్లో ఆడవేషాలు కూడా మీసాలు గొరిగించుకొని మగవాళ్ళే కట్టేవాళ్ళు. కాస్త కలిగిన ఊరయితే నన్ను బండి పెట్టి పిలిపించుకొనేది. రాణి, దాసి, సవతితల్లి, ఏదడిగితే అది వేసినాను. నోరు పెద్దదని పేరు. ఆ నోరే లేకపోతే తడికల చాటున చీర మార్చుకొనే బతుకులో ఒక్క వారం కూడా నిలిచేదాన్ని కాదు.

హెబ్రోను పుట్టింది ఇందుకూరుపేట దాపున, అంటరానోళ్ళని ఊరి బయట పెట్టిన ఒక పాలెంలో. తండ్రి మద్రాసు పోయే ఉప్పు పడవలకు తాడు లాగే కూలీ. వీడికి మీసాలు రాకముందే భుజాన తాడు పడింది. కాళ్ళు జారి పడవ ఆగితే దాన్ని నడిపే సరంగు చింతబరికె తీసుకొని దిగేవాడంట. గట్టిగా ఏడిస్తే నాలుగు దెబ్బలతో వదిలేసేవాడు, పళ్ళు బిగించుకుంటే వీపు చీరేవాడు. దాంతో హెబ్రోను ఏడవడం నేర్చుకున్నాడు. దెబ్బ తగలకముందే ఏడవడం, తగలని దెబ్బకు ఏడవడం, నోట్లో నురగ పెట్టుకొని కింద పడి గిలగిలా కొట్టుకోవడం. ఒకరోజు వీడు పడిన పాటుకు సరంగే భయపడి మొహాన నీళ్ళు చల్లినాడంట. "అదే శేషమ్మా నేను కట్టిన మొదటి వేషం" అని చెప్పి విరగబడి నవ్వేవాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఆ సరంగు చేతులు పడిపోవాలని తిట్టుకున్నాను.

తర్వాత విడవలూరులో ఒక ముసలాయన దగ్గర కర్రసామూ కత్తిసామూ నేర్చినాడు. ఆ పైన గుడిలో క్రిస్మస్ నాటకం. పసిపిల్లల్ని నరికించే రాజు వేషం ఎవరికీ వద్దంటే వీడు తీసుకున్నాడు. ఎర్ర రంగు నీళ్ళు మేకతోలు తిత్తిలో పోసి, గుడ్డ బొమ్మల్లో కుట్టి, నిజం కత్తితో నరికినాడు. రక్తం ముందు వరసలో వాళ్ళ మొహాన పడింది. ఆడవాళ్ళు చంకలో బిడ్డల్ని పట్టుకొని కేకలు పెడతా బయటికి పరిగెత్తినారు. మగ్దలీనమ్మ అని ఒక పెద్దావిడ చీపురు తిరగేసి పట్టుకొని వచ్చి, రాజుగారి వీపు విమానం మోత మోగించింది. పాస్టరు గారు అడ్డం రాకపోతే కిరీటం కూడా మిగిలేది కాదు.

ఆ రోజు నుంచీ జనం వాణ్ణి వదల్లేదు. ఏ వేషమైనా వేసేవాడు, అది చెప్పాలి. గుడ్డివాడుగా వేస్తే నేనే చెయ్యి పట్టుకొని మెట్లు దింపబోయినాను. గయ్యాళి అత్తగా వేస్తే మగవాళ్ళు పొట్ట పట్టుకొని పొర్లినారు. నాటకం వాడే రాసేవాడు, పాటకు వరస వాడే కట్టేవాడు, తెర మీద కోటబురుజులు కూడా వాడే గీసేవాడు. అన్నీ వచ్చు. కానీ జనం డబ్బిచ్చి అడిగేది మాత్రం దుర్మార్గుడి వేషం. చంపేవాడుగా వస్తాడు, చివరికి చస్తాడు. సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పట్టపుపాలెంలో వీడి దుర్మార్గం చూడలేక ఒకాయన తెడ్డు విసిరితే కనుబొమ మీద చీలింది. రక్తం కారుతుండగానే సీను పూర్తి చేసినాడు. తెల్లారి ఆయనే వంజరం చేప తెచ్చిచ్చి, కాళ్ళు పట్టుకొని ఏడ్చినాడు.

నేను వాణ్ణి మొదట చూసింది యాభై ఏడులో, రిహార్సల్లో. కొట్టేవాడు. మాట తప్పితే చెంప మీద, అడుగు తప్పితే పిక్క మీద. ఎవరికీ మినహాయింపు లేదు. దానికొక పద్ధతి పెట్టుకొని ఉన్నాడు. నాటకం నేర్చుకొనేవాడు మొదటిరోజు ఆకూ వక్కా పళ్ళెంలో పెట్టి వాడి చేతికియ్యాలి. తాంబూలం ఇచ్చినాక రిహార్సల్లో పడిన దెబ్బ బయట లెక్కలోకి రాదు, ఆ దెబ్బకు తిరిగి చెయ్యి లేపకూడదు. మా ప్రాంతంలో కర్రసాము గురువులకు ఆ మర్యాద ఉంది, దాన్ని తెచ్చి నాటకానికి పెట్టినాడు. నేను తాంబూలం ఇయ్యలేదు. మొదటిరోజే మాట తడబడితే చెయ్యి లేపినాడు. "అన్నా, ఆ చెయ్యి నా మీద పడిందంటే దాంతో నువ్వు మళ్ళీ అన్నం కలుపుకోలేవు" అన్నాను. వాడు చెయ్యి దించి, "ఈ గొంతే మూడో అంకంలో కావాలమ్మా" అన్నాడు. అంతే, అక్కణ్ణుంచి మాకు స్నేహం.

ఇంక ఆ చెయ్యి సంగతి. అరవై ఒకటిలో, వరికోతలు అయిపోయినాక. ఊరి పేరు చెప్పను, చెప్తే ఇప్పటికీ కొట్టుకుంటారు. ఉప్పుటేరు పక్కన అనుకోండి. ఊరి నడుమ రాతి అరుగు ఒకటి ఉంది. నాటకాలన్నీ దాని మీదే. పాలెం వాళ్ళు దూరంగా బండ్ల చాటున నిలబడి చూడొచ్చు గానీ ఆ అరుగు ఎక్కింది లేదు. ఒకసారి పాలెం కుర్రాడొకడు తెర కట్టను ఎక్కితే లాగి చావబాదినారంట. ఆ ఊరికి పెద్దరైతు పద్మనాభయ్య. ఆయన ఒక్కగానొక్క కొడుకు చెంచురామయ్యకు కిరీటం పెట్టుకొని కత్తి తిప్పాలని పిచ్చి పట్టింది. కత్తిసాము నేర్పేవాడు ఈ చుట్టుపట్ల హెబ్రోను తప్ప లేడు. పిలిపించినారు.

హెబ్రోను వాకిట్లో నిలబడే చెప్పినాడు. "అయ్యా, చిన్నయ్యకు యువరాజు వేషం ఇస్తాను, నేర్పిస్తాను. నా నాటక సమాజంలో శేషమ్మ తప్ప అందరూ పాలెం వాళ్ళే. అందరం ముందు మెట్ల మీదనే ఎక్కుతాం. జనం అడిగిందల్లా ఆడితే ఇంక ఏటా ఆ అరుగు మీద ఒక నాటకం మాది. అడిగింది ఆడలేక వెనక్కి తగ్గితే దిగిపోతాం, మళ్ళీ ఎక్కమని అడగం."

పద్మనాభయ్య వక్క నములుతా నవ్వినాడు. "సరే పోరా" అన్నాడు.

ఆ "సరే" కోసం హెబ్రోను ఎంత పొంగిపోయినాడో నేను చూసినాను. ఆ ఊరి పాలెంలో ఆ వారం పండగే. ముసలోళ్ళు కూడా చొక్కాలు ఉతుక్కున్నారు. ఒక్క నాటకం సజావుగా గడిస్తే ఆ అరుగు వాళ్ళది కూడా అవుతుంది. గడవకపోతే ఇంక వాళ్ళ మనవళ్ళకు కూడా లేదు. అదీ సంగతి.

చెంచురామయ్య తాంబూలమయితే ఇచ్చినాడు, తండ్రి ముందర, పళ్ళు ఇకిలిస్తా. తర్వాత చూడాలి వాడి వేషాలు! రోజూ తప్పతాగి వచ్చేవాడు. ఒక్క మాట నోటికి రాదు. ఒకరోజు పాట ఎత్తుకోలేక, శ్రుతి తప్పు పట్టినావని చెప్పి హార్మోనియం వాయించే సమాధానం అనే ఆయన్ని గుండెల మీద తన్నినాడు. సమాధానం హెబ్రోనుకు పినతండ్రి వరస, గాలి పీలిస్తే చాలు ఎగిరిపోయే మనిషి. హార్మోనియంతో సహా వెనక్కి పడినాడు. హెబ్రోను నడుచుకుంటా వచ్చి చెంచురామయ్య చెంప పగలగొట్టినాడు. నేనెరిగినంతలో అంత పెద్ద దెబ్బ ఎవర్నీ కొట్టలేదు. వాడు గోడకు పోయి తగులుకున్నాడు. పెదవి చిట్లింది.

ఒక పాలెం మనిషి పద్మనాభయ్య కొడుకును కొట్టడమంటే మాటలా? పనివాళ్ళు కర్రలందుకున్నారు. చెంచురామయ్య రక్తం తుడుచుకొని, వాళ్ళను ఆగమన్నాడు. "తాంబూలం ఇచ్చినాగా. రిహార్సల్లో దెబ్బకు లెక్క లేదు" అన్నాడు. కళ్ళు మాత్రం పాము కళ్ళు. హెబ్రోను పిచ్చిమారాజు, ఆ మాటకు మురిసిపోయినాడు. "చూసినావా శేషమ్మా, మాటంటే మాటే" అన్నాడు. నీ మొహం, అన్నాను.

నాటకం రోజు వచ్చింది. ముందటేడు ఆ ఊళ్ళో నాటకంలో తలకాయలు పగిలినందుకు, దీపాలు పెట్టే వేళకే ఎత్తుకొని పెందలాడే ముగించమని పోలీసుల ఆర్డరు. పెట్రోమాక్స్ లైట్లు కట్టినారు. మా సమాజంలో పాలెం వాళ్ళు ముందు మెట్ల మీద నడిచి అరుగెక్కినారు. సమాధానం ఎక్కేటప్పుడు మెట్టును ముట్టుకొని కళ్ళకద్దుకున్నాడు. అది చూసి నాకు కళ్ళనీళ్ళు తిరిగినాయి.

కథ చాలా సులువు. సేనాపతి రాజును చంపి కోట పట్టుకుంటాడు. రాజకుమారిని చెరబట్టను అంతఃపురానికొస్తాడు. మంచం మీద ముసుగేసుకొని పడుకున్నది ఆమే అనుకొని దుప్పటి లాగుతాడు. లోపల ఉండేది యువరాజు. ఇద్దరూ కలబడతారు, యువరాజు కత్తితో పొడుస్తాడు, సేనాపతి చస్తాడు. సేనాపతి హెబ్రోను, యువరాజు చెంచురామయ్య, రాజకుమారి నేను.

ఆ సీనుకు ముందు మంచం సర్దను పోయినాను. దుప్పటి కింద చెక్క కత్తి పక్కన ఇనప కడ్డీ ఉంది, చేతి పొడుగున, బొటనవేలంత లావున. దాన్ని లాగబోయేసరికి చెంచురామయ్య వచ్చి మంచం మీద కూర్చున్నాడు. "ముట్టుకున్నావంటే నీ వేళ్ళు కూడా పోతాయి" అన్నాడు నెమ్మదిగా. నేను తడిక చాటుకు పరిగెత్తినాను. హెబ్రోను మొహానికి రంగు దిద్దుకుంటా ఉన్నాడు.

"అన్నా, వాడి దగ్గర ఇనప కడ్డీ ఉంది. ఇది నాటకం కాదు, చంపేస్తాడు. పోవద్దు" అన్నాను.

"బెదిరించను పెట్టుకొనుంటాడులే. తాంబూలం ఇచ్చిన చెయ్యి కొట్టదు."

"నీ తాంబూలం తగలెయ్య! తాంబూలం రిహార్సలుకే గదా. ఇది నాటకం. నాటకంలో యువరాజు సేనాపతిని కొట్టొచ్చు గదా. వాడు అంత లెక్క వేసుకొనే ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాడు!"

హెబ్రోను అద్దంలో నుంచి నా వంక చూసినాడు. అప్పుడు తెలిసింది వాడికి. మొహంలో రంగు కింద కూడా నెత్తురు దిగిపోవడం కనపడింది. కానీ అప్పటికే హార్మోనియం ఎత్తుకుంది. మీసం ఒకసారి అదిమి, లేచి పోయినాడు.

దుప్పటి లాగినాడో లేదో కడ్డీ లేచింది. తలకాయ మీదికి వస్తే ఎడమ చెయ్యి అడ్డం పెట్టినాడు. ఎండు కట్టె విరిగిన చప్పుడు. ఆ చప్పుడు ఇప్పటికీ నాకు చెవుల్లో ఉంది. చెయ్యి మోచేతి కింద వేలాడబడింది. పడిపోయినవాణ్ణి వీపు మీద, తొడ మీద, మళ్ళీ వీపు మీద. నేను "చంపేస్తున్నాడయ్యో" అని నిజంగా అరిచినాను. జనం ఈలలేసినారు! నా నటన బాగుందంట! హెబ్రోను నోట్లో రక్తం వస్తుండగా, సేనాపతి చావు మాటలు ఒక్కటి కూడా వదలకుండా చెప్పి, తల వాల్చినాడు. తెర పడింది.

సమాధానం ఏడుస్తా తన కండువాతో చెయ్యి ఒంటికి కట్టేసినాడు. ఆ కట్టు పూర్తయిందో లేదో, ముందు చాపల మీద నుంచి మొదలయింది. "వన్స్ మోర్! వన్స్ మోర్!" పద్మనాభయ్య మనుషులు. వాళ్ళకు కడ్డీ సంగతి తెలుసు. మళ్ళీ కొట్టించాలని.

వన్స్ మోర్ అంటే ఏమిటో ఇప్పటి వాళ్ళకు తెలియకపోవచ్చు. పాట బాగుంటే మళ్ళీ పాడమని అడుగుతారు, సీను బాగుంటే మళ్ళీ ఆడమంటారు. చచ్చినవాడు కూడా లేచి నిలబడి, మళ్ళీ పాడి, మళ్ళీ చావాలి. అడిగితే కాదనే సమాజం లేదు. కాదంటే ఇంక ఆ ఊరు మొహం చూడక్కర్లేదు. పైగా హెబ్రోను మాటే ఇచ్చి ఉన్నాడు, అడిగిందల్లా ఆడతామని.

ఎస్తేరమ్మ వెనక నుంచి ఎక్కి వచ్చింది. హెబ్రోను పెళ్ళాం, పుట్టిల్లు ఆ ఊరి పాలెమే. నాట్లకూ కోతలకూ పోయే మనిషి, మాట తక్కువ. అంతవరకూ మొగుడి నాటకం ఒక్కటీ చూసింది లేదు, పాలెం వాళ్ళు మొదటిసారి అరుగెక్కుతున్నారని చూడను వచ్చింది. వచ్చి వాడి కాళ్ళు పట్టుకుంది.

"వద్దయ్యా. వాళ్ళ అరుగు వాళ్ళనే ఉంచుకోనీ. నువ్వు దిగిరా, ఇంటికి పోదాం."

"ఇప్పుడు దిగితే మళ్ళీ ఎక్కేదెవురు ఎస్తేరూ?" అన్నాడు. "దెబ్బ ఎట్టా వస్తుందో తెలిసింది గదా. ఈసారి తగలదు."

ఆమె లేచి పోయి పాలెం వాళ్ళ ముందర నిలబడింది. నేనయితే హెబ్రోనును నానా తిట్లూ తిట్టినాను. వినలేదు.

తెర లేచింది. మంచం మీద ముసుగు. హెబ్రోను కుడి చేత్తో దుప్పటి లాగి, కడ్డీ లేవగానే లోపలికి దూసుకుపోయినాడు. కర్రసాములో అదొక పట్టు. చెంచురామయ్య మణికట్టు దొరకబుచ్చుకొని మెలిపెడితే కడ్డీ వీడి చేతికొచ్చింది. వాణ్ణి మంచం మీద నుంచి ఈడ్చి నేల మీద వేసి, గుండెల మీద మోకాలు పెట్టినాడు. కడ్డీ పైకెత్తినాడు. నోట్లో నుంచి కారే రక్తం వాడి మొహం మీద పడతా ఉంది. వాడి కిరీటం ఊడింది, నోరు తెరుచుకుంది.

పద్మనాభయ్య చాప మీద నుంచి లేచినాడు. ఆయన మనుషులు కర్రలు పట్టుకున్నారు. అవతల బండ్ల దగ్గర పాలెం మగవాళ్ళు కూడా లేచినారు. ఆ కడ్డీ దిగితే ఆ రాత్రి ఎన్ని తలలు తెగేవో! నిజం చెప్పొద్దూ, దిగాలనే అనుకున్నాను నేను. పళ్ళు కొరుక్కుంటా, వేసెయ్ అన్నా వేసెయ్ అని గొణిగినాను.

హెబ్రోను కడ్డీని వెనక్కి విసిరేసినాడు. చెక్క కత్తి తీసి చెంచురామయ్య చేతిలో పెట్టి, ఆ చెయ్యి పట్టుకొని తన డొక్క దగ్గరికి తెచ్చుకున్నాడు. "ఇట్టా పట్టుకో చిన్నయ్యా. పక్కటెముకల కింద. నెట్టు" అని నేర్పించినాడు, రిహార్సల్లో నేర్పినట్టే. నెట్టింది వాడు కాదు, హెబ్రోనే. సేనాపతి పడి చచ్చినాడు. తెర పడింది.

ఈసారి చాపల మీద ఒక్కడూ నోరెత్తలేదు. అప్పుడొక ఆడగొంతు లేచింది.

"వన్స్ మోర్!"

ఎస్తేరమ్మ! జన్మలో నాటకం చూడని మనిషి. పాలెం వాళ్ళ ముందర నిలబడి, కొంగు నడుముకు దోపుకొని, చెయ్యి పైకెత్తి. "వన్స్ మోర్! మళ్ళీ ఆడండి!" ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత పాలెం మొత్తం అందుకుంది. ఆడా మగా, ముసలీ ముతకా. పందిరి అదిరిపోయింది. పద్మనాభయ్య మొహం నల్లగా మాడిపోయింది. ఏమంటాడు? మొదట అడిగింది తన మనుషులే గదా.

తెర లేచింది. మంచం మీద ముసుగు ఉంది. హెబ్రోనుకు నిలబడను బలం లేదు, అయినా సేనాపతి నడకే నడిచి వచ్చినాడు. దుప్పటి మీద చెయ్యి వేసినాడు. అంతే, ముసుగులో నుంచి చెంచురామయ్య కుక్క తరిమినట్టు లేచి, వెనక తెర చింపుకొని, అరుగు మీద నుంచి దూకి చీకట్లో పడి పరిగెత్తినాడు. భుజకీర్తులు ఒకటొకటే దారి పొడుగునా రాలినాయి.

పాలెం వాళ్ళు నవ్వినారు. ఓర్నాయనో, ఏం నవ్వు! ఎన్ని తరాల నవ్వో అది. స్టేజీ నడుమ సేనాపతి ఒక్కడే మిగిలినాడు, నెత్తురోడతా. చంపేవాడు లేడు. ఏం చెయ్యాలో తెలియక నిలబడినాడు. నిలబడి తల ఎత్తి జనాన్ని చూసినాడు. వాడి మొహంలో అంత వెలుగు అంతకుముందు నేను చూడలేదు.

కానీ ఆ నవ్వుకు చాపల మీద వాళ్ళు మండిపోయినారు. "పాలెం తగలబెట్టండిరా" అని ఎవడో అరిచినాడు. కాగడాలు వెలిగినాయి. ఇద్దరు ముగ్గురు అప్పటికే పాలెం దారి పట్టినారు. పద్మనాభయ్య వాళ్ళను ఆగమనలేదు, పొమ్మనలేదు. స్టేజీ వంకే చూస్తున్నాడు. నాకు ఒకటే తోచింది. సేనాపతి చావకుండా ఈ ఆట ముగిస్తే తెల్లారేసరికి పాలెం ఉండదు. మంచం మీది చెక్క కత్తి తీసుకున్నాను.

"దుర్మార్గుడా, నా తండ్రిని చంపిన చేతులు ఇవేనా" అని నోటికొచ్చిన మాట అరిచి, హెబ్రోను మీదికి పోయినాను. వాడు నన్ను చూసినాడు, కాగడాలను చూసినాడు. "కానియ్ శేషమ్మా" అన్నాడు, నాకు మాత్రమే వినపడేటట్టు. పొడిచినాను. వాడు పడినాడు. ఎన్నో చావులు చచ్చినాడు హెబ్రోను, అంత గొప్పగా ఎప్పుడూ చావలేదు. విరిగిన చెయ్యి కింద పడేటట్టు పడి కూడా, అమ్మా అనలేదు. కాగడాల వాళ్ళు ఆగి, తిరిగి చూసినారు. చూసి చూసి కూర్చున్నారు. తెర పడింది.

పద్మనాభయ్య తెర పక్కకొచ్చి, "అడిగినవన్నీ ఆడినారు. మరుసటేడు రండి" అన్నాడు, ఎవరి వంకా చూడకుండా. మాట మీద నిలబడినాడు ముసలాయన, అంతమాత్రం చెప్పాలి. ఆ తర్వాత ఏటా ఆ అరుగు మీద ఆడినాం. అరవై ఎనిమిదిలో టెంటు సినిమాలు వచ్చి మా పొట్ట కొట్టిందాకా ఆ వంకర చేత్తోనే హెబ్రోను ఆడినాడు, ఆడించినాడు. కొట్టడం మాత్రం మానేసినాడు. తాంబూలం కూడా మానేసినాడు.

ఆ రాత్రే వాణ్ణి వడ్లబండిలో గడ్డి పరిచి నెల్లూరు ఆసుపత్రికి తీసుకొని పోయినాం. నొప్పికి స్పృహ తప్పి ఉన్నాడు. ఎస్తేరమ్మ వాడి తల ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. కాలవ వంతెన దాటినాక నా వంక తిరిగింది.

"నువ్వెందుకు పొడిచినావక్కా?" అంది.

నాకు ఒళ్ళు మండింది. ఇంత చేసి పాలెం నిలబెడితే ఇదా మాట! "పొడవకపోతే ఏం జరిగేదో తెలుసా నీకు? కాగడాలు చూళ్ళేదా? పాలెం మొత్తం బూడిదయ్యేది" అన్నాను.

"చూసినా" అంది. మొగుడి నుదుటి మీద ఎండిన రంగును కొంగుతో తుడిచింది. "గుడిసెలేగదక్కా. గాలివానకు పోతానే ఉండాయి, మేము కట్టుకుంటానే ఉండాము. మా ఆయన చావకుండా నిలబడింది ఇన్నేళ్ళకు అదొక్కసారే. ఇంకాసేపు చూడనియ్యకపోయినావు."